ఆదెప్ప బిందె

అనంతపురాన్ని సిటీ అంటే బెంగళూరు పోయి వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఫ్లైఓవరు ఉంది, ఏసీ సినిమా హాళ్లు ఉన్నాయి, ఫోనులో నొక్కితే బిరియానీ తెచ్చి గుమ్మంలో ఇచ్చేవాళ్లున్నారు. ఇంకేం కావాలి సిటీకి? నీళ్లు కావాలి. ఆ మాట మాత్రం ఎత్తకూడదు.

పాతూరు చివర సున్నపుబట్టి సందు అని ఒకటుంది. గట్టు మీదికి ఎక్కే సందు కాబట్టి కొళాయి నీళ్లు సగం దారిలోనే ఆగిపోతాయి. తాగే నీళ్లకు శనివారం పొద్దున ట్యాంకరు వస్తుంది. అందరికీ వారం సోమవారంతో మొదలైతే ఈ సందుకు శనివారంతో మొదలవుతుంది. పెళ్లిచూపులు పెట్టుకున్నా, ఊరికి పోవాలన్నా, చివరికి కాన్పు నొప్పులు వచ్చినా శనివారం గండం దాటిందా లేదా అని చూసుకుంటారు.

శుక్రవారం సాయంత్రానికే బిందెలు వరుసలో కూర్చుంటాయి. వాటిని అక్కడ పెట్టి మనుషులు ఇళ్లకు పోయి తిని పడుకుంటారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఇది ఎవరూ రాసిపెట్టని చట్టం, ఎవరూ తప్పని చట్టం. పొద్దున ట్యాంకరు వచ్చేసరికి ఎవరైనా రాకపోతే వెనకవాళ్లు వాళ్ల బిందెను కూడా జరుపుతారు. వంతు వస్తే పట్టి, తీసుకుపోయి వాళ్ల మెట్టు మీద పెడతారు. జరిపేది చేత్తోనే. కాలితో తోస్తే ముసలివాళ్లు ఊరుకోరు, మనిషిని తన్నినట్టే తిడతారు.

బెంగళూరులో ఇట్లాంటిది ఉందా, పక్క ఇంటివాడు బతికున్నాడో లేడో కూడా వాళ్లకు పట్టదు అని ఇంద్రాణి గొప్పగా చెప్పుకునేది. ఈ మధ్య ఆ మాట అనడం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పడానికే ఇదంతా.

ఇంద్రాణి జాకెట్లు కుడుతుంది. భర్త పోయినప్పటి నుంచి ఒక్కతే ఉంటుంది. మిషను వాకిట్లో వేసుకుని కూర్చుంటే కాలు తొక్కుతూ ఉంటుంది, చెయ్యి గుడ్డను తోస్తూ ఉంటుంది, కన్ను మాత్రం సందు మీదే. ఎవరింటికి గ్యాసు వచ్చింది, ఎవరింట్లో అత్తాకోడళ్లు మాటలు మానేశారు, కొత్తగా అద్దెకు దిగిన పిల్ల ఏ ఆఫీసులో చేస్తోంది, అన్నీ ఆమె దగ్గర ఉంటాయి. వాటినన్నిటినీ ఆదివారం పొద్దున ఒకరికి అప్పజెప్పేది. ఆ ఒకరు యాడికి అనే ఊర్లో ఉండే ఆంజినమ్మ.

ఆంజినమ్మ ఇంద్రాణికి బంధువు కాదు. ఈ సందులోనే పై ఇంట్లో ఉండే ఆదెప్పకు అక్క. ఆదెప్ప బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. అక్క కూతురి పెళ్లిలో మేనమామకు ఇవ్వాల్సిన తాంబూలం తొందరలో ఇంకెవరి చేతికో పోయింది. ఆదెప్ప విస్తరి ముందు నుంచి లేచి, మెతుకు ముట్టకుండా బస్సెక్కి వచ్చేశాడు. నాలుగేళ్లయింది. అక్క వస్తే తలుపు తీయలేదు. సెల్లు కొని పంపితే తిప్పి పంపాడు. అందుకని ఆంజినమ్మ ఆదివారం ఆదివారం ఇంద్రాణికి ఫోను చేస్తుంది.

ఇంద్రాణి వారం కబుర్లన్నీ చెబుతుంది. కోతి వచ్చి ఎవరి అప్పడాలు ఎత్తుకుపోయిందో, ట్యాంకరు డ్రైవరు కొత్త హారను ఏ పాట పాడుతోందో, ఎండకు తట్టుకోలేక కూలరు కొన్నవాళ్లు దాంట్లో పోయడానికి నీళ్లు లేక దాని మీద బట్టలు ఆరేసుకున్న సంగతీ చెబుతుంది. ఆంజినమ్మ ఊ కొడుతుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది. కానీ ఆమె ఎదురుచూసేది ఒక్క మాట కోసమని ఇంద్రాణికి తెలుసు. దాన్ని చివరిదాకా దాచి పెట్టి, అప్పుడు చెబుతుంది.

“మీ ఆదెప్ప నీళ్లకొచ్చినాడులే అక్కా.”

ఆ మాటతో ఆంజినమ్మకు వారం గడిచిపోతుంది.

ఆదెప్ప మామూలు రోజుల్లో ఎవరికీ కనిపించేవాడు కాదు. ముందు తలుపుకు తాళం వేసి, పక్క గొంది తలుపు నుంచి తెల్లారకముందే బస్టాండుకు పోయేవాడు. అక్కడ బల్ల మీద కూర్చుని ఏ బస్సు ఆలస్యమైందో చూసి తిట్టుకుని, చీకటి పడ్డాక వచ్చేవాడు. సందుకు ఆయన కనిపించేది శనివారమే. పచ్చ ప్లాస్టిక్ బిందె, దాని మెడకు ఈల కట్టుకునే పాత తాడు ఒకటి. ఆ తాడును చూస్తే చాలు, ఆదెప్ప బిందె అని చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఆ శనివారం కూడా బిందె వరుసలోనే ఉంది. ముందు ఆయన పక్కింటి లక్ష్మీనరసమ్మ బిందె, తర్వాత ఆదెప్పది, తర్వాత ఇంద్రాణిది. ఎండ అప్పుడే నెత్తి మీద కూర్చుంది. ఇంద్రాణి ఒక చేత్తో తన బిందెనూ, ఒక చేత్తో పచ్చ బిందెనూ జరుపుకుంటూ, కొత్తగా అద్దెకు దిగిన పిల్ల రెండు బిందెలు పెట్టిందని లక్ష్మీనరసమ్మతో కలిసి తీర్పు చెబుతోంది. కింద మలుపులో పాలబూత్ దగ్గర ఎవరో నిలబడి వరుస వైపే చూస్తున్నారు. ఖాకీ చొక్కా, ఎండకు తల మీద కప్పుకున్న తుండు. ఎవరో ఆటో డ్రైవరు, ట్యాంకరు అడ్డం తీస్తే పోదామని నిలబడినట్టున్నాడు అనుకుని ఇంద్రాణి పచ్చ బిందెను ఇంకొంచెం ముందుకు జరిపింది. మళ్లీ చూసేసరికి ఆ మనిషి లేడు.

మరుసటి రోజు ఆంజినమ్మ ఫోను చేసింది. ఇంద్రాణి రెండు బిందెల పిల్ల కథంతా చెప్పి, చివరికి ఆ మాట కూడా చెప్పింది. మామూలుగా అయితే అక్కడ ఫోను పెట్టేయాలి. ఆంజినమ్మ పెట్టలేదు. కాసేపు నసిగి, ఒక మాట అడుగుతా, నవ్వుకోవద్దు అంది.

ఉగాదికి తమ్ముడికి ఒక చొక్కా కుట్టించి పంపిందట. నీలం గళ్ల చొక్కా. తిరిగి వస్తే మళ్లీ తలవంపులని ఎవరికీ చెప్పలేదు. తిరిగి రాలేదు. వచ్చే నెల మనవడికి కదిరిలో పుట్టెంటికలు తీయాలి. కూతురికి అన్నదమ్ములు లేరు. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవాల్సింది ఆదెప్పే. ఆయన కోసమని ఆపి ఆపి, మగపిల్లవాడికి మూడేళ్లు వచ్చినా జడ వేసి తిప్పుతున్నారు.

“వాడు ఏ చొక్కా ఏసుకున్నాడు ఇంద్రాణీ నిన్న?” అని అడిగింది ఆంజినమ్మ. “నేను పంపింది ఏసుకున్నాడంటే కోపం పోయినట్టే. నేనే వచ్చి పిల్చుకొస్తా.”

ఇంద్రాణి నోరు తెరిచింది. చొక్కా గుర్తుకు రాలేదు. సరే, ముఖం గుర్తుకు తెచ్చుకుంటే చొక్కా అదే వస్తుందని ముఖం కోసం వెతికింది. ముఖమూ రాలేదు. కళ్ల ముందు పచ్చ బిందె, దాని మెడకు తాడు, తన చెయ్యి. అంతే. అవతల ఆంజినమ్మ ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి మీద జాలితోనో, నిన్న చూశానని చెప్పి ఇప్పుడు చూడలేదంటే మాట పోతుందన్న భయంతోనో, చెప్పేసింది.

“నీలం గళ్లదే అక్కా.”

ఆంజినమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే వచ్చే ఆదివారం బిడ్డను కూడా తీసుకుని వస్తున్నానని చెప్పింది.

ఆ రోజు ఇంద్రాణి ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. అట్లాంటివి ఆమె అంతకు ముందూ చెప్పింది, పండగకు జాకెట్టు ఇచ్చేస్తానని ఎంతమందికి చెప్పలేదు? ఆమెకు భయం వేసింది ఇంకొకదానికి. ఆదెప్పను తను చివరిసారి ఎప్పుడు చూసింది? నిన్న కాదు. దానికి ముందు వారం? ఉగాదికి? సందులో ప్రతి గడపా లెక్క చెప్పగల మనిషికి ఆ ఒక్కటి తేలలేదు.

సోమవారం పొద్దున్నే లక్ష్మీనరసమ్మ దగ్గరికి పోయింది. ఆమెది ఆదెప్ప పక్క ఇల్లే. పెద్దామె రాగులు చెరుగుతూ, చూడకేమి, మొన్నే కదా చూసినా అంది. ఇంకా గట్టిగా, ఆయన తన మోకాలి నొప్పి ఎట్లుందని కూడా అడిగాడని చెప్పింది. ఏ వారం అడిగాడు అంటే చేట ఆగింది. ఆలోచించింది. చలికాలంలో అనుకుంటా అంది. మొన్న చూసినావా మనిషిని అని ఇంద్రాణి మళ్లీ అడిగితే విసుక్కుంది.

“బిందె నేనే పట్టి, మెట్టు మీద పెట్టినా కదమ్మా. ఇంకా చూసినావా అంటావు.”

ఆటో నడిపే కుళ్లాయప్ప కూడా చూశానన్నాడు. శుక్రవారం బాడుగ నుంచి వస్తూంటే ఆదెప్ప మామ బిందె మెట్టు మీద బోర్లించి ఉందట. పాపం పెద్దాయనకు దిగడం కష్టమని తనే తెచ్చి వరుసలో పెట్టాడట. పోయిన వారమూ అంతే చేశాడట. దానికి ముందు వారమూ అంతేనట.

“మనిషిని చూసినావా అన్నా?”

“అదేందక్కా, మీరంతా చూస్తాండారు కదా అని…”

ముగ్గురూ ఆటో పక్కన నిలబడ్డారు. ఎండలో సందు తెల్లగా ఉంది. ఎవరి ఇంట్లోనో టీవీలో నవ్వులు. కాసేపటికి లక్ష్మీనరసమ్మే ధైర్యం చెప్పింది. శనివారం తను నిండు బిందె పెడుతోంది. శుక్రవారానికి అది ఖాళీ అయి, బోర్లించి ఉంటోంది. మనిషే లేకపోతే నీళ్లు ఎవరు తాగుతారు? బిందె ఎవరు బోర్లిస్తారు? మెట్టు పక్కన ఆయన పెంచే కరివేపాకు చెట్టు ఇంత ఎండలోనూ పచ్చగా ఎట్లుంటుంది? ఈ మాటతో ముగ్గురికీ ప్రాణం లేచి వచ్చింది. కుళ్లాయప్ప ఆటో తీసుకుని పోయాడు. ఇంద్రాణి కూడా ఇంటికి వచ్చి మిషను తొక్కింది. నిజమే కదా, చెట్టు పచ్చగా ఉండాది అని ఆంజినమ్మకు తనే ఎన్నోసార్లు చెప్పింది.

మంగళవారం పప్పులోకి కరివేపాకు లేదు. ఆదెప్ప చెట్టు నుంచి రెండు రెబ్బలు తుంచుకోవడం ఆమెకు అలవాటే. మెట్టు దగ్గరికి పోయింది. పచ్చ బిందె నిండుగా ఉంది, మూత లేదు. నీళ్ల మీద సన్నగా దుమ్ము కట్టింది, ఒక చీమ తేలుతోంది. ఈయన ఒంటి మనిషి, ఎంత తాగుతాడు, లోపల ఇంకా పాత నీళ్లు ఉన్నట్టున్నాయి అనుకుంది. రెండు రెబ్బలు కొంగులో వేసుకుంది. బిందెను వంచి చెట్టు మొదట్లో పోసింది. దుమ్ము పడకుండా మెట్టు మీద బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ రెండు అడుగులు వేసింది.

అక్కడే నిలబడిపోయింది.

వెనక్కి తిరిగి చూడటానికి ఆమెకు చాలా సేపు పట్టింది. చెట్టు మొదట్లో తడి ఇంకా నేలలోకి ఇంకుతోంది. బిందె బోర్లించి ఉంది, చక్కగా, ఇంటి మనిషి పెట్టినట్టు. ఈ పని తను ఎన్ని వారాల నుంచి చేస్తోందో ఆమెకు తెలియదు. ఎప్పుడూ ఆలోచించి చేసింది కాదు. చెట్టు ఎండుతుందని ఒకరోజు, నీళ్లు పాతవయ్యాయని ఒకరోజు. ఎవరికీ చెప్పాల్సినంత పని కూడా కాదు. తన చేతులను తనే కొత్తగా చూసుకుంది. వాటిని చూస్తే ఆమెకు భయం వేసింది, దాచుకోవడానికి చోటు కూడా లేదు.

తను గట్టిగా పిలిచినట్టుంది, లక్ష్మీనరసమ్మ బయటికి వచ్చింది. కుళ్లాయప్పకు ఫోను చేశారు. పక్క గొంది తలుపుకూ తాళం ఉంది. కుళ్లాయప్ప కిటికీ రెక్క లాగాడు. ముగ్గురూ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని చూశారు. అట్లాంటిదేమీ లేదు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది, దాని మీద వేలితో రాస్తే అక్షరాలు పడేంత దుమ్ము. తాగే నీళ్ల డ్రమ్ము మూత తీసి ఉంది, అడుగు ఎండి పెచ్చులు లేచింది. కండక్టరు సంచీ తగిలించే మేకు ఖాళీగా ఉంది. కిటికీ కింద నేల మీద ఒక పొట్లం, దారం కూడా విప్పలేదు.

లక్ష్మీనరసమ్మ ఆ పొట్లాన్ని గుర్తుపట్టింది. ఉగాది అయిన తర్వాత ఎవరో బస్సులో తెచ్చి ఇచ్చారు. తలుపు తట్టితే పలకలేదు, బస్టాండుకు పోయి ఉంటాడని కిటికీలోంచి లోపల వేసింది. యాడికి నుంచి వచ్చిందని చెబితే తీసుకోడని చెప్పలేదు కూడా. చీర చెంగు నోట్లో కుక్కుకుని పెద్దామె అక్కడే మెట్టు మీద కూర్చుంది.

పొట్లంలో ఏముందో ఇంద్రాణికి మాత్రమే తెలుసు. నీలం గళ్లది.

కుళ్లాయప్ప ఆ సాయంత్రమే బస్టాండులో విచారించాడు. పాత కండక్టర్లలో ఒకాయన, ఉరవకొండ దారిలో ఒక సత్రం దగ్గర ఆదెప్పను దింపానని చెప్పాడు. ఎప్పుడంటే, ఉగాది మరునాడు అన్నాడు. ఆ మాట విని ఇంద్రాణి ధైర్యం తెచ్చుకుంది. మనిషి ఉన్నాడు. పోయి పిల్చుకొస్తే సరి. ఆదివారానికి ఆంజినమ్మ వచ్చేలోపు ఇంట్లో దుమ్ము దులిపి, చొక్కా తొడిగి కూర్చోబెట్టొచ్చు. తన అబద్ధం కూడా నిజమవుతుంది. పొట్లాన్ని కర్రతో కిటికీలోంచి పైకి లాగి, సంచీలో పెట్టుకుని బుధవారం కుళ్లాయప్పతో బయలుదేరింది.

దారి పొడవునా సాళ్లు దున్నిన ఎర్ర నేల, వాన కోసం నోరు తెరుచుకుని ఉంది. సత్రం రోడ్డు పక్కనే. ముందు చిన్న పిట్టగోడ. అక్కడి కావలి మనిషి తిప్పేస్వామి వాళ్లకు గ్లాసుతో నీళ్లు ఇచ్చి, ఎవరి కోసమని అడిగాడు. ఆదెప్ప పేరు వినగానే వాళ్లిద్దరి ముఖాల్లోకి చూశాడు.

“ఇన్నాళ్లకొచ్చినారా?” అన్నాడు. కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు.

తర్వాత అన్నీ చెప్పాడు. ఆదెప్ప వచ్చిన మొదటి వారమంతా హుషారుగా ఉన్నాడట. శనివారం గడ్డం గీయించుకుని, మధ్యాహ్నం నుంచి ఆ పిట్టగోడ మీద కూర్చుని అనంతపురం నుంచి వచ్చే ప్రతి బస్సునూ చూశాడట. ఆదివారం చూశాడు. సోమవారం చూశాడు. మళ్లీ శనివారం గడ్డం గీయించుకున్నాడు. ఎవరు వస్తారు పెద్దాయనా అంటే తిప్పేస్వామికి ఆయన చెప్పిన మాట ఇది:

“మా సందులో వరుసలో బిందె లేదంటే మనిషి కోసం తలుపు కొడతారు స్వామీ. కావాలనే బోర్లిచ్చి వచ్చినా. శనివారం అందరికీ తెలుస్తాది. ఆదివారం ఇంద్రాణి మా అక్కకు చెప్తాది. మా అక్క ఆగదు, సోమవారానికల్లా ఈడుంటాది. నేనుగా పోలేను, మాట పడినోణ్ని. ఆమె వస్తే మాత్రం పోతా. పిల్లోనికి జడ ఏసి తిప్పుతాండారంట.”

ఆదివారం ఫోన్ల సంగతి ఆయనకు తెలుసు. అంతా తెలుసు. గోడ అవతలి నుంచి విన్నాడో, ఎవరు చెప్పారో. నాలుగేళ్లు పలకకపోయినా ఆ ఒక్క దారి ఉందని నమ్ముకుని ఉన్నాడు. ఇంద్రాణి గ్లాసు కింద పెట్టింది.

ఇప్పుడు యాడున్నాడని కుళ్లాయప్ప అడిగాడు. పోయిన శనివారం మొదటి బస్సుకే ఎక్కాడని తిప్పేస్వామి చెప్పాడు. వారాలు గడిచేకొద్దీ తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు. వాళ్లకేమన్నా అయిందేమో, నీళ్ల బండి రావడం మానేసిందేమో అని వాళ్ల కోసమే దిగులు పడ్డాడు. చివరికి, నేనే పోయి చూస్తా అన్నాడు. ఉద్యోగం నాటి ఖాకీ చొక్కా ఒకటి సంచీలో ఉంటే ఉతికించుకుని వేసుకున్నాడు. ఎండకు తల మీద తుండు కప్పుకున్నాడు.

“ఇంటికే కదా పోయినాడు?” అన్నాడు తిప్పేస్వామి. “చేరలేదా?”

కుళ్లాయప్ప ఏదో చెబుతున్నాడు. ఇంద్రాణి లేచి ఆటో వైపు నడిచింది.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా గట్టు మీద ఉంది. కుళ్లాయప్ప బస్టాండులో, ఆస్పత్రిలో అడిగి వస్తానని అట్నుంచి అటే పోయాడు. ఇంద్రాణి ఒక్కతే నడిచి వచ్చి పాలబూత్ దగ్గర ఆగింది. శనివారం ఆ మనిషి నిలబడిన చోట నిలబడింది. పైకి చూసింది.

అక్కడి నుంచి ట్యాంకరు ఆగే చోటు బాగా కనిపిస్తుంది. మెరక కాబట్టి మనుషులు ఎండకు ఎదురుగా నల్లగా, ముఖాలు లేకుండా కనిపిస్తారు. ప్లాస్టిక్ బిందెలు మాత్రం వెలుగు సోకి రంగులతో సహా కనిపిస్తాయి. ఆ శనివారం ఆదెప్పకూ అట్లాగే కనిపించి ఉంటుంది: పచ్చ బిందె, మెడకు తాడు. లక్ష్మీనరసమ్మ బిందె వెనక, ఇంద్రాణి బిందె ముందు, తన చోట తను. తను బోర్లించి పోయిన బిందె. ఎవరో చెయ్యి వేసి దాన్ని ముందుకు జరుపుతున్నారు. మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. తనకు ఏ లోటూ లేదు. తను లేని లోటు ఎవరికీ లేదు. ఉన్న ఆదెప్ప అక్కడ వరుసలో ఉంటే, ఇక ఇక్కడ నిలబడినవాడు ఎవరు?

పాలబూత్ అబ్బాయిని అడిగింది. ఆ పెద్దాయన కాసేపు నిలబడి, కిందికే దిగిపోయాడని చెప్పాడు. ఎటు పోయాడో చూడలేదట. ఇంద్రాణికి దుఃఖం ముంచుకొచ్చింది. ఒక్కరైనా, ఒక్క వారమైనా, ఆ బిందెను పట్టించుకోకుండా వదిలేసి ఉంటే సరిపోయేది. సందులో అంత చెడ్డవాళ్లు ఎవరూ లేకపోయారు.

పాలబూత్ మెట్టు మీదే కూర్చుని ఫోను తీసింది. ఇన్నాళ్లలో తను చేయడం ఇదే మొదలు. ఒక్కసారి మోగగానే ఆంజినమ్మ ఎత్తింది. ఈ పొద్దు ఆదివారం కాదే, ఏమైందమ్మా అంది. వెనక పిల్లవాడు జడ లాగుతున్నారని గోల పెడుతున్నాడు.

ఇంద్రాణి చెప్పింది. మామూలుగా చివరికి దాచే మాటను ముందే చెప్పింది. తను ఉగాది తర్వాత ఆదెప్పను చూడలేదని, చూసింది బిందెనేనని, చొక్కా సంగతి అబద్ధమని, ఆ చొక్కా తన సంచీలో పొట్లం కూడా విప్పకుండా ఉందని చెప్పింది. సత్రం సంగతి, పిట్టగోడ సంగతి చెప్పింది. తిప్పేస్వామి చెప్పిన మాటలను మాత్రం మార్చకుండా, ఆయన చెప్పినట్టే చెప్పింది. ఎక్కడా ఆంజినమ్మ ఊ కొట్టలేదు. ఇంద్రాణి తిట్ల కోసం చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

పిల్లవాడి గోల ఆగింది. ఎవరో వాణ్ని బయటికి ఎత్తుకుపోయినట్టున్నారు.

“అయితే మా ఆదెప్ప నీళ్లకు రానేలేదా?” అంది ఆంజినమ్మ.

“వచ్చినాడక్కా. మొన్న శనివారం వచ్చినాడు. మేమే చూడలేదు.”

గట్టు మీది నుంచి ఎండ దిగిపోయింది. ఫోను తెగిపోయిందేమోనని ఇంద్రాణి చెవి నుంచి తీసి చూసుకుంది. తెగలేదు. ఆంజినమ్మ అడిగింది, ఆదివారం అడిగినట్టే, అదే గొంతుతో.

“ఏ చొక్కా ఏసుకున్నాడు?”

ఈసారి ఇంద్రాణి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

“ఖాకీ చొక్కా అక్కా,” అంది. “ఉతికిచ్చుకుని ఏసుకున్నాడు.”